నా ఎత్తు బంగారం

మా ఆవిడ చనిపోయిందని చెప్పడానికి మూడు జిల్లాలు తిరిగొచ్చాను. ఫోన్లో అయితే అర నిమిషం పని.

మాది తెనాలి. నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ని. దేవుడు లేడని చెప్పడం నా రెండో ఉద్యోగం, దానికింకా రిటైర్మెంటు రాలేదు. మూడేళ్ల కిందట ఊపిరితిత్తులు చెడి హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో ఇరవై ఏడు రోజులు పడున్నాను. ఆ ఇరవై ఏడు రోజులూ సుశీల వరండాలో చాప మీద గడిపింది. పక్క చాపల మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఉండేవారు. వాళ్ల మనుషులూ నాలాగే లోపల మంచాల మీద ఉన్నారు. నేను బతికి ఇంటికొచ్చాక సుశీల ఫోన్లో మూడు కొత్త పేర్లు చేరాయి. లక్ష్మి మగ్గం. జాంకు మిరప. రాజవ్వ పత్తి. వీళ్లతో ఆమె వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడేది. ఏం మాట్లాడేదో నేనెప్పుడూ అడగలేదు.

నిరుడు ఆషాఢంలో ఒక ఉదయం పోపు వేయబోతూ స్టవ్ కట్టేసి కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

ఆ ముగ్గురికీ ఈ సంగతి తెలియదు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మొదటిసారి "పడుకుంది" అన్నాను. రెండోసారి "స్నానం చేస్తోంది" అన్నాను. మూడోసారి కంగారులో "గుడికెళ్లింది" అనేశాను. అవతల నుంచి రాజవ్వ, "గుడికా? నువ్వు పోనిచ్చినవా?" అంది.

ఆ ఒక్క మాట నన్ను మూడు వారాలు నిద్రపోనివ్వలేదు. నలభై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. నేను పోనివ్వని చోట్లు ఆమెకు ఉన్నాయా? నాకు తెలియని సుశీల ఒకామె ఆ వరండాలో పుట్టిందా, లేక మొదట్నుంచీ ఉందా? తెలుసుకోవాలంటే ఆ ముగ్గురే దిక్కు. చొక్కాలు నాలుగు సంచిలో పెట్టుకుని మార్చి నెలలో బయల్దేరాను.

కొడకండ్ల

రైలు దారిలో మొదట జాంకు ఉండే మానుకోట వస్తుంది. అయినా దాన్ని దాటిపోయి జనగామలో దిగాను. లక్ష్మి భర్త అదే వార్డులో పన్నెండో రోజు చనిపోయాడు. చావు తెలిసిన మనిషికి చావు గురించి చెప్పడం సులువని నా లెక్క. నా లెక్కలు ఈమధ్య తరచు తప్పుతున్నాయి.

జనగామ బస్టాండులో టీ అడిగితే కొట్టతను "చాయా?" అని నన్ను సరిదిద్ది, పది రూపాయలకు బొటనవేలంత గ్లాసు ఇచ్చాడు. మా వైపు ఈ భాషను సినిమాల్లో రౌడీలకీ పనివాళ్లకీ కేటాయించి నవ్వుకున్నాం. నేనూ కాలేజీ వార్షికోత్సవంలో ఒకసారి ఈ యాస కట్టి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు కొడకండ్ల బస్సు ఏదని అడుగుతుంటే నా నోరే నాకు ఎబ్బెట్టుగా అనిపించింది. దారంతా బోడి గుట్టలు, కోసేసిన వరి మళ్లు, ఎండకు తెల్లబోయిన చెరువు గర్భాలు.

లక్ష్మి ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. మగ్గం చప్పుడు వినిపించిన మూడో ఇల్లు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. నలభై అయిదేళ్లుంటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టి, నా వెనక్కి చూసింది.

"అక్క రాలేదా సారూ?"

దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ గాలికి పోయాయి. "లేదమ్మా. పోయింది," అన్నాను.

పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆమె చేతిలో ఆగిపోయింది. "ఎన్నడు?"

"ఆషాఢంలో."

"మరి తానం చేత్తాంది, పండుకున్నది అంటివి?"

"అన్నాను."

తిడుతుందనుకున్నాను. నాడె పక్కన పెట్టి, "మంచిగ చేసినవ్ తియ్యి. గన్ని దినాలు మాకు బతికే ఉన్నది," అంది.

ఏడవలేదు. లేచి వెళ్లి సర్వపిండి చేసుకొచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చేది. మా దిబ్బరొట్టెకు దూరపు చుట్టం. దుఃఖంలో ఉన్న ఇంట్లో మా వైపు పొయ్యి వెలిగించరు. ఇక్కడ దూరం నుంచి వచ్చినవాడి ఆకలి ముందు. తింటూ చూశాను, గోడల మీద మేకులు ఉన్నాయి గాని పటాలు లేవు.

"బట్టల మూట గట్టి అటుక మీద ఏసిన," అంది నా చూపు పట్టుకుని. "ముగ్గురు దేవుళ్లకు మొక్కిన. ముగ్గురు ఇనలే."

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చావు కబురు తెచ్చిన ఇంట్లో కూడా నేను వాదానికి మనిషిని వెతుక్కున్నాను. "అయితే నువ్వూ దేవుడు లేడంటావు," అన్నాను.

"లేడని ఎట్లంట? లేడంటె ఎవల్ని తిట్టాలె సారూ? తిట్టెతందుకన్న ఒకడు ఉండాలె గద."

ఆమె మళ్ళీ గుంటలోకి దిగింది. భర్త పోయేనాటికి ఈ మగ్గం మీద ఆయన సాగదీసిన పడుగు సగంలో ఉందట. కోసి పారెయ్యమన్నారట చుట్టాలు. ఆమె కొయ్యలేదు. ఆయన వేసిన పోగులు అయిపోయేదాకా నేసింది. "అయిపోయిన్నాడు గుబులైంది. ఇగ ఏంజెయ్యాలె అని. తెల్లారి నేనే ఇంకో పడుగు ఏసిన. గంతే సారూ, ఇంకేం లేదు."

బయల్దేరుతుంటే గడపలో అడిగింది. "అక్క మొక్కు తీరిందా మరి? నీ ఎత్తు బంగారం మొక్కె గద."

నేను తల ఆడించి బస్సెక్కాను. నా ఎత్తు బంగారమా? పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు నేను చేయించింది ఒక జత గాజులు. ఎవరో ఆమెను మోసం చేసి అర్థం లేని మొక్కేదో మొక్కించారని తొర్రూరు వచ్చేదాకా మండిపడుతూనే ఉన్నాను.

మానుకోట దగ్గర తండా

మహబూబాబాదును అక్కడెవరూ ఆ పేరుతో పిలవరు. మానుకోట అంటారు. ఊరు దాటితే ఎటు చూసినా మిరప. కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంది, ఆటోలో కూర్చుంటేనే ముక్కు మండింది. చెడిపోయి బాగైన ఊపిరితిత్తులవాడు మార్చిలో పోవలసిన చోటు కాదది. తండాలో దిగేసరికి దగ్గు, తుమ్ములు, కళ్లవెంట ధార.

జాంకు, ఆమె భర్త బద్రు కూలికి పోయిన చేనులో రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. వీళ్ల కొడుకు నా ఎదురు మంచం మీద ఉండేవాడు. బతికాడు, ఇప్పుడు హైదరాబాదులో కారు నడుపుతున్నాడు. నా కళ్లు చూసి జాంకు నేను చెప్పకముందే లేచి నిలబడింది.

"సుశీలమ్మనా?"

తల ఊపాను. నేను ఏడుస్తున్నాననుకుంది. అప్పటికి అది మిరప ఘాటే.

ఆమె వచ్చి నా మోచేతులు పట్టుకుని, తల వంచి, గొంతెత్తింది. ఏడుపే, కానీ పాటలాగా సాగే ఏడుపు. వాళ్ల లంబాడీ మాటల్లో. చేనులో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి గొంతు కలిపారు. వాళ్లలో ఒక్కరూ సుశీలను చూసినవాళ్లు కారు. నాకు అర్థమైన మాట ఒక్కటే, "యాడీ, యాడీ" అని. అంటే అమ్మ అని తర్వాత తెలిసింది. ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొయ్యలా ఉండిపోయాను. బద్రు పక్కకొచ్చి మెల్లగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.

"నీ ఇడ్లీల సగం నాకు పెడితివి అంటాంది... నాకు జరమొస్తె నీ దుప్పటి కప్పితివి అంటాంది... నా తల్ల పేలు తీస్తివి, నీ కులమేంది నా కులమేంది అనకపోతివి అంటాంది... అద్దాల తలుపు కాడ నిలవడి నీ మొగని కాళ్లు కనవడుతున్నయా అని రోజు అడిగితివి అంటాంది."

ఆ రోజుల్లో నేను కాళ్లు కదిపానా లేదా అని కూడా తెలియకుండా పడున్న మనిషిని. అద్దం అవతల ఎవరో నా కాళ్ల కోసం చూస్తున్నారని నాకెవరూ చెప్పలేదు.

సుశీల పోయినప్పుడు నేను కర్మకాండ చేయలేదు. దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాను. కాగితం మీద ఆమె సంతకం ఉంది, నేను పెట్టమన్న చోట పెట్టింది. పదకొండో రోజు సంస్మరణ సభ జరిపాం. ఏడుగురు మాట్లాడారు. నా ఉద్యమానికి ఆమె వెన్నుదన్ను అన్నారు. ఇడ్లీ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు తెలిస్తే కదా, నాకే తెలియదు.

బద్రు ఇంకా చెబుతున్నాడు. "నీ మొగని ఎత్తు బంగారం మొక్కితివి, ఇయ్యకముందే పోతివి అంటాంది..."

"ఏం బంగారమయ్యా అది?" పట్టలేక అడిగేశాను. "అరవై కిలోల బంగారం ఎవరిస్తారు?"

బద్రు నన్ను వింతగా చూశాడు. ఆడవాళ్లలో ఒకామె ఏడుపు మధ్యలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"బెల్లం సారూ! సమ్మక్క తల్లికి ఇచ్చే బెల్లాన్ని బంగారమంటరు. మనిషిని కాంటాల కూసోబెట్టి, మనిషంత బెల్లం ఇస్తరు. గంత సదువుకున్నవ్, గిది ఎర్కలేదా?"

పత్రికల్లో భక్తి పేజీ వస్తే తిప్పేయడం నాకు నలభై ఏళ్ల అలవాటు. ఆ పేజీ వెనుక ఏముందో ఎలా తెలుస్తుంది? బెల్లం. నా బరువంత బెల్లం. అప్పుడు నా కళ్లలోది మిరప ఘాటో కాదో నేను చెప్పలేను.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. తింటూ బద్రు తనకు తనే చెప్పుకున్నట్టు అన్నాడు. "మేం మా దేవుడు సేవాలాల్‌కు మొక్కినం, పోరడు బతికిండు. లక్ష్మక్క గుడ మొక్కింది, ఆమె పెనిమిటి సచ్చిండు. మా మాటనే ఇన్నడు, ఆమెది ఇనలే అనుకుంటె సిగ్గయితది సారూ. గందుకే పోరని పేరు మీద దేవునికి భోగ్ పెట్టినప్పుడల్ల ఆమె పేరు గుడ తలుస్త."

దేవుడి మీద నమ్మకం ఉన్నవాడికి ఇలాంటి సిగ్గు ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

భూపాలపల్లి, దిగవలసిన చోట దిగక

రాజవ్వది మొగుళ్లపల్లి దగ్గర పల్లె. రేగొండలో దిగి ఆటో ఎక్కాలి. నేను బస్సులో నిద్రపోయాను. కళ్లు తెరిస్తే భూపాలపల్లి. కండక్టరు, "రెండుసార్లు లేపిన, నువ్వు లేత్తలేవ్. మంచిగ నిద్రవోతున్నవ్ అని ఇడిసిన," అన్నాడు. మా వైపు అయితే మిగతా దూరానికి టిక్కెట్టు కొట్టేవాడు.

బొగ్గు లారీలు తిరిగే ఊరు. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద కూడా నల్లటి పొడి. లాడ్జిలో గది కిటికీ తెరిచి, వెంటనే మూసేశాను. మంచం మీద కూర్చుని పాత సంగతి ఒకటి తవ్వుకున్నాను. చనిపోయే ముందు చలికాలంలో సుశీల, "ఒకసారి ఓరుగల్లు వైపు వెళ్లొద్దామా? రామప్పలో శిల్పాలు బాగుంటాయట" అంది. శిల్పాల మీద ఆమెకు ఎప్పుడూ ఆసక్తి లేదు. రామప్ప దాటితే సమ్మక్క తల్లి గద్దెలేనని బద్రు చెప్పాకే నాకు తెలిసింది. "గుళ్లో శిల్పాలా?" అని నవ్వి, చూద్దాంలే అన్నాను. ఉగాది ముందు మళ్ళీ అడిగింది. ఎండలన్నాను. మూడోసారి అడగలేదు.

రాజవ్వ ఇల్లు

పొద్దున్నే వెనక్కి వచ్చి ఆటోలో ఆమె ఇంటికి చేరాను. అరవై అయిదు దాటిన మనిషి. వాకిట్లో నులక మంచం మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రిలో నా పక్క మంచం. బతికాడు గాని మాట పోయింది, కుడిపక్క పోయింది. రాజవ్వ ఆయనకు జావ తాగిస్తూ నన్ను చూసి, గిన్నె కింద పెట్టలేదు.

"లచ్చిమి ఫోన్ జేసి చెప్పింది. కూసో," అంది. జావ అయిపోయాక మూతి తుడిచి, అప్పుడు నా వైపు తిరిగింది. "గుడికి పోయింది అంటివి. గప్పుడే అనుకున్న, ఏదో అయిందని. నీ ఇంట్ల నుంచి గుడికి పోయేదైతె నాతోని గన్ని ముచ్చట్లెందుకు?"

"ఆమె ఎప్పట్నుంచి నమ్మింది రాజవ్వా?"

అడగడానికే ఇంత దూరం వచ్చాను. ఆ మాట అడుగుతుంటే నా గొంతు నాకే పోలీసువాడిలా వినిపించింది.

"నమ్ముడా?" ఆమె ఖాళీ గిన్నె పక్కన పెట్టింది. "నాకెర్కలేదు సారూ. నాకు గుడ దినాము ఒక్కతీరు ఉండదు. ఈయన గిట్ల బతుకుతడని ఎర్కుంటె మొక్కుదునో లేదో. గని ఆ వరండల చేతులు ఖాళీగుంటయి. డాక్టర్లు లోపట, మనం బయట. ఏదన్న జెయ్యాలె గద. నేను మొక్కుతుంటె చూసి, నాకు గుడ చెప్పు ఎట్ల మొక్కాల్నో అన్నది. చెప్పిన. మొక్కినంక ఒక్క మాట అన్నది."

"ఏమంది?"

"ఆయనకు చెప్పకండి, నవ్వుతారు అన్నది."

అంతకంటే పెద్ద దెబ్బ నాకు జీవితంలో ఎవరూ కొట్టలేదు. కొడతారు అంటే బాగుండేది. నేను కొట్టే మనిషిని కాను, అరిచే మనిషిని కాను. నవ్వే మనిషిని. సభల్లో నవ్వించేవాణ్ణి, ఇంట్లో నవ్వేవాణ్ణి. నా ప్రాణం కోసం ఆమె చేసిన పనిని నా నవ్వుకు భయపడి నాకే దాచింది. దాచుకునే పోయింది.

మంచం మీది మనిషి ఎడమ చేత్తో నా వైపు ఏదో సైగ చేశాడు. నీళ్లిమ్మని భార్యకు చెబుతున్నాడు. నాకోసం.

నీళ్లు తాగాక అన్నాను. "ఆ మొక్కు తీర్చాలనే ఉంది రాజవ్వా. కానీ నాకు నమ్మకం లేదు. లేకుండా కూర్చుంటే అది నాటకం అవుతుంది."

"నిన్నెవడు నమ్మమన్నడు?" ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. ఇక్కడ అందరినీ నువ్వే అంటారు. మొదటి రోజు కాస్త గుచ్చుకుంది, ఇప్పుడు మీరు అంటే పరాయిగా ఉండేది. "మొక్కినామె ఆమె. తీస్కునేది తల్లి. నడుమ నువ్వు తూకం రాయివి. రాయికి నమ్మకంతోని ఏం పని? జర లేసి చెప్పులు తొడుక్కో."

కాంటా

సమ్మక్క జాతర అయిపోయి నెల దాటింది. ఊరవతల తల్లిని నిలిపే గద్దెలు ఖాళీగా ఉన్నాయి. మట్టి గద్దె మీద ఎర్రగుడ్డ చుట్టిన కొయ్య, ఎండిన పసుపు, గాలికి దొర్లుతున్న కొబ్బరి పీచు. తాటాకు పందిళ్లు సగం పీకేశారు. ఒక్క కొట్టు మాత్రం ఉంది.

బెల్లం అడిగితే కొట్టాయన మొదటి మాట, "ఆధార్ కార్డున్నదా?"

ఎక్కువ బెల్లం కొంటే గుడుంబా అనే నాటుసారా కాయడానికేమోనని ఇక్కడ అనుమానమట, కార్డు చూడనిదే ఇవ్వరు. దేవుడి ముందుకు వెళ్తూ కూడా నేనెవరో ప్రభుత్వానికి రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఇంకో రోజైతే దీని మీద ఒక వ్యాసం రాసేవాణ్ణి. కార్డు తీసిచ్చాను.

మూడు కర్రల మధ్య గొలుసులతో వేలాడే పెద్ద కాంటా. ఒక పళ్లెంలో నన్ను కూర్చోబెట్టారు. నా పళ్లెం దభీమని నేలకు తగిలింది. కొట్టాయన అవతలి పళ్లెంలో ఒక్కో బెల్లం ముద్దా పేరుస్తున్నాడు. రాజవ్వ భర్తను కూడా ఆటోలో తీసుకొచ్చింది, ఆయన అందులోంచి తొంగి చూస్తున్నాడు.

"మొక్కిననాడు ఎంతుంటివి?" అంది రాజవ్వ.

"ఆసుపత్రి నుంచి వచ్చేనాటికి నలభై మూడు." సుశీల వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టింది, అందుకని గుర్తు. "ఆ నలభై మూడే కదా ఇవ్వాల్సింది?"

"గదేంది? పీనుగు ఎత్తు ఎవలియ్యమన్నరు? బతికినోని ఎత్తు ఇయ్యాలె."

నలభై మూడు దాటింది. నా పళ్లెం కదల్లేదు. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. అప్పుడు తట్టింది, ఈ పైన పడుతున్నదంతా ఆమె వండిపెట్టిందే. పొద్దున్నే రాగిజావ, పదకొండుకు గుడ్డు, మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం, వద్దంటే విననిది. ప్రతి ఆదివారం మందుల షాపు దగ్గర తూచి క్యాలెండరు మీద రాసేది. నేను పెరుగుతున్నకొద్దీ ఆమె మొక్కూ పెరుగుతూ వచ్చింది. అదంతా తెలిసే వడ్డించింది.

అరవై ఆరు దగ్గర నా కాళ్లు నేల వదిలాయి. అరవై నాలుగేళ్ల మనిషిని, కాళ్లు ఊపుకుంటూ గాలిలో గిర్రున అర చుట్టు తిరిగాను. రాజవ్వ పకపకా నవ్వింది. కొట్టాయన నవ్వాడు. ఆటోలోని మనిషి సగం మూతితో నవ్వాడు. అక్కడ నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

"ఎవల పేరు మీద?" అన్నాడు కొట్టాయన.

"సుశీల," అన్నాను. ఆమె పోయాక ఆ పేరు నేను గట్టిగా పలకడం అదే మొదటిసారి.

తెనాలి

తిరిగొచ్చిన రెండు నెలలకు ఇది రాస్తున్నాను. నాకు దేవుడు కనిపించలేదు, లేడనే ఇప్పటికీ అనుకుంటున్నాను. వచ్చే నెల సభలో మాట్లాడమన్నారు, ఒంట్లో బాగాలేదన్నాను. రాజవ్వ కొంగు ముడి విప్పి ఇచ్చిన బెల్లం ముక్క వంటింట్లో సుశీల డబ్బాలోనే ఉంది. ఇంట్లో సద్దు లేదు. హోటల్ నుంచి తెచ్చుకున్న పొట్లం ఒక పూట తింటే రెండో పూట మరచిపోతున్నాను.

ఆదివారం మందుల షాపు దగ్గర తూచుకున్నాను. అరవై ఒకటి.

ఆ సాయంత్రమే రాజవ్వ ఫోన్ చేసింది. బాగున్నావా అని కాదు, ఆమె అడిగింది వేరే.

"ఎంతున్నవ్ సారూ?"

"అరవై ఆరే," అన్నాను.

"నిజంగ?"

"నిజంగా."

ఫోన్ పెట్టేసి, లేచి, గ్లాసుడు బియ్యం కడిగాను.